కొలతల పుస్తకంలో మంగళవారం

ఇంట్లో కుట్టుమిషన్ ఉన్నా లైసెన్సు తీసుకోవాలనే బిల్లు సభకొచ్చింది. కొత్త చొక్కా కోసం వచ్చిన శాసనసభ్యుణ్ణి దర్జీ ఆవిడ నిలబెట్టి అడిగింది.

"మంగళవారం ఆ బిల్లుకి ఎటు ఓటేశారన్నా?"

"వద్దనే వేశానమ్మా. మీ పొట్ట కొడతానా?"

"సభవాళ్ల యాప్‌లో మీ పేరు పక్కన 'గైర్హాజరు' అనుందే!"

"దాని మొహం. పొద్దుగూకేదాకా సభలోనే ఉన్నా."

ఆమె కొలతల పుస్తకం తెరిచింది.

"మంగళవారం పదకొండింటికి మీ నడుం నలభై రెండు. కొలిచింది నేనేగా?"



"శుక్రవారం ఆఖరి ఓటింగుందిలే, వెళ్తా. చొక్కా అయిందా?"

"పాతదే వేసుకెళ్లండన్నా. మీ ఓటు ఫోన్లో కనబడ్డాక దీనికి గుండీలు కుడతా."