ఫోటోలో తొలి రోగి

నరసరావుపేటలో పాత ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఫోటోల కింద చీటీలు అంటిస్తున్న పదో తరగతి పిల్లకి కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే బిడియం. కానీ ఒక ముసలావిడ వచ్చి ఆమె పక్కనే నిలబడింది.

"ఏమే అమ్మాయ్, దీని కింద ఏం రాశావు?"

"పల్లె ఆసుపత్రి ప్రారంభం, మంచం మీద తొలి రోగి అని రాశాను అమ్మమ్మా."

"రోగి ఏంది! అది నేనే. ఆ రోజు నాకు తుమ్ము కూడా రాలేదు."

"మరి మంచమెందుకు ఎక్కారు?"

"ఆఫీసర్లొచ్చారు, ఫోటోకి రోగి దొరకలేదు. మా నాన్న అప్పుడు మా పల్లెకి ప్రెసిడెంటు. మిరపచేలో ఉన్నదాన్ని పిలిపించి, పడుకోబెట్టి దుప్పటి కప్పాడు."

పిల్లకి నవ్వు ఆగలేదు.

"నవ్వు, నవ్వు! ఇది పేపర్లో పడితే, ముప్పాళ్ళ నుంచి వచ్చిన సంబంధం వాళ్ళు పిల్ల జబ్బుమనిషని మానుకున్నారు. ఆ తర్వాత చానాళ్ళు మా గడప ఎవరూ తొక్కలేదు. ఇన్నేళ్ళకి నువ్వూ అదే రాస్తివి."

పిల్ల నవ్వు ఆగిపోయింది. చీటీ ఊడదీసింది.

"ఈ పని అప్పజెప్పిన మా బడి సార్‌కి నేను చెబుతాను. ఏమని రాయమంటారు?"

"జ్వరం లేదని రాయి. ఊళ్ళో ఆ మాట నమ్మింది ఒక్కరే, అదుగో, పక్కన థర్మామీటరు పట్టుకున్న కాంపౌండరు. చివరికి నన్ను చేసుకుందీ ఆయనే."

"అయితే ఆయన పేరు కూడా రాస్తాను, చెప్పండి."

ముసలావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొగుడి పేరు నా నోటితో ఎట్టా చెప్పనే? పెన్ను ఇటివ్వు, నేనే రాస్తా."