ఇద్దరి అక్షరాలు

కూర్మన్నపాలెంలోని రక్తపరీక్షల గదిలో, స్టీల్‌ప్లాంటు పనివాడొకడు తన కూతురి రిపోర్టును బల్ల మీద పెట్టాడు. పరీక్ష చేసిన పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

“నాది ‘ఎ’ గ్రూపు, మా ఆవిడది ‘బి’. పాపకి ‘ఎబి’ ఎలాగొచ్చింది సార్? నా ఇంటిపేరు పెట్టుకున్న పిల్లకి నా గ్రూపే రావాల కదా?”

“ఇంటిపేరైతే తండ్రిదొక్కటే వస్తాది. రక్తం అలాక్కాదు తమ్ముడూ. నీ ‘ఎ’ ఆవిడ ‘బి’ని తొక్కీలేదు. రెండూ సమానంగా కనిపిస్తాయి.”

“అయ్యో! ఈ రిపోర్టు సూసి నాను అనుమానపడి ఆవిడని భీమిలి పుట్టింటికి పంపీసినాను.”

“ఎన్నాళ్లయింది?”

“మూడు నెల్లు. ఈ మాట కాయితం మీద రాసియ్యండి సార్, ఆవిడకి సూపిత్తాను.”

“ఆవిడకెందుకయ్యా కాయితం? ఆవిడకి మొదట్నుంచీ తెలుసు కదా!”