జిగురు ఆరని కుర్చీ

వడ్రంగి షాపులో రంపపు పొట్టు ఇంకా ఊడవలేదు. కుర్చీలు చూడడానికి రేపు విదేశీ కంపెనీ వాళ్ళు వస్తున్నారు. స్కూల్లో పాఠాలు ముగించుకుని తిన్నగా ఇక్కడికే వచ్చిన భార్య, వ్యాపారంలో వాడే ఇంగ్లీషు మాటలు వడ్రంగికి నేర్పుతోంది.

“‘స్కేటింగ్ ఆన్ థిన్ ఐస్’ అంటే?”

“పల్చటి మంచు మీద జారడం. మంచు నేనెక్కడ చూశాను? కత్తి మీద సాము అంటే సరిపోదా?”

“వాళ్ళ ముందు కత్తి అనకండి, బెదిరిపోతారు. ‘ఆల్ ఎగ్స్ ఇన్ వన్ బాస్కెట్’?”

“గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకూడదు. నీ జీతం ఒక బుట్ట, నా షాపు ఒక బుట్ట. అయ్యో టీచరమ్మా, ఆ కుర్చీలో కూర్చోకు, జిగురు ఆరలేదు!”

“కూర్చున్నాను లెండి. ముందు నేను కూర్చోందే ఏ కుర్చీ అమ్మరు కదా మీరు. సరే, ‘టేక్ ద ప్లంజ్’?”

“ఏదైతే అదయిందని దూకెయ్యడం. దీనికి ఉదాహరణ నువ్వే చెప్పు.”

“ఇవాళ స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను.”

“బాగుంది. ఇంగ్లీషులో చెప్పు.”

“ఉదాహరణ కాదండీ, నిజం.”

కుర్చీ కాలు నున్నగా రుద్దుతున్న గరుకు కాగితం వడ్రంగి చేతిలో ఆగిపోయింది.

“ఒక్క మాటైనా అడగలేదే?”

“అడిగితే వద్దంటారుగా. ఆర్డరు వస్తే మీరొక్కరూ ఎలా చేస్తారు?”

“రాకపోతే?”

“ఇంకో కంపెనీ వచ్చేలోగా మీకు ఇంకా బోలెడు ఇంగ్లీషు నేర్పాలి.”

“గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టేశావు కదే!”

“బుట్ట గట్టిదేనండీ.”

“అయితే రేపు నా పక్కన నీకూ ఓ కుర్చీ వెయ్యాలి.”

“ఇదే వెయ్యండి. ఎలాగూ నన్ను వదిలేలా లేదు.”