పూయని చెట్టు

చెట్లు కొట్టేవాడు నడుముకి రంపం కట్టుకుని అపార్ట్‌మెంటు పక్కనున్న తులిప్ చెట్టు చిటారు కొమ్మకి, అంటే నాలుగో అంతస్తు ఎత్తుకి చేరాడు. రిటైరైన వృక్షశాస్త్రం మాస్టారు కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి అరుస్తున్నారు.

"పదిహేనేళ్ళకి పూస్తుందని పుస్తకంలో ఉందయ్యా. పాతికేళ్ళు నీళ్ళు పోశాను, పువ్వంటే పువ్వు లేదు. కొట్టెయ్."

"ఆకుల కొసలు భలే ఉన్నాయి మాస్టారూ, కత్తెరతో కోసినట్టు."

"ఆ ఆకులు రోజూ ఊడ్చేది నేనే. పని చూడు."

"మరి పువ్వుల మాటేమిటి? నా చుట్టూ వందకి తక్కువ లేవు."

మాస్టారు ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు.

"వేళాకోళమా?"

"నాకెందుకండీ? లేతాకుపచ్చ గిన్నెల్లా ఉన్నాయి, లోపల నారింజ పట్టీ. ఆకుల్లో కలిసిపోయి ఆకాశం వైపు చూస్తున్నాయి. కిందనుంచి మీకేం కనపడతాయి? పోయినేటి ఎండుకాయలు కూడా ఉన్నాయి."

"అంటే పోయినేడూ పూసిందా?"

"ఈ నాలుగో అంతస్తు కిటికీ ఆవిణ్ణి అడగండి, ఎదురుగానే ఉన్నాయి."

"ఆవిడతో నాకు ఆరేళ్ళుగా మాటల్లేవు."

"ఏం చేసిందేమిటి?"

"మీ చెట్టు పువ్వులు ఎంత బాగున్నాయో మాస్టారూ అంది, నలుగురిలో. వెటకారమనుకుని నానా మాటలూ అన్నాను."

"ఆవిడ ఇప్పుడే కిటికీ తీసింది మాస్టారూ."

మాస్టారు గొంతు తగ్గించారు.

"రంపం దాచెయ్. ఆవిడకి పువ్వులు కోసిమ్మని నేనే పంపానని చెప్పు."

"గొంతు ఇప్పుడు తగ్గించి ఏం లాభం? మొదటి నుంచీ అంతా విందట. నాలుగంతస్తుల మెట్లేగా, మిమ్మల్నే వచ్చి చూసుకోమంటోంది."