మత్తయీ నానూ నేర్సుకున్న ఓడ ఇంగ్లీషు

“తాతా, పదో క్లాసు తప్పినోడివి, నీకు ఇంగ్లీషు ఎలగొచ్చింది?”

ఏటే గుంటా, నవ్వుతన్నావా? నవ్వు, నవ్వు. ఆ ఫోను కూసింత దూరంగా పెట్టు, దాన్ని సూస్తే నాకు మాట రాదు. రేపు ఎచ్చెర్లలో ఇంటర్వ్యూ అన్నావు గదా, ఇంగ్లీషులో అడుగుతారని రెండ్రోజులై నీకు అన్నం సయించడం లేదని మీయమ్మ సెప్పినాది. అందుకే సెప్తన్నాను. భయమంటే ఏటో నాకు తెలుసు.

హుద్ హుద్ గాలికి ముందేడు ఓడెక్కాను. కాదు కాదు, ఓడ సిన్నప్పుడే ఎక్కాను, మా బావే ఎక్కించాడు, పాపం ఆ మనిషి ఇప్పుడు లేడు. ఈ ఓడ సంగతి సెప్తన్నాను. అప్పటికే నాకు యాభై దాటీసాయి. అంతకు ముందు ఓడల్లో సారంగు, అంటే కళాసీలందరికీ పెద్ద, మనోడే ఉండీవోడు. హిందీలో అరిసీవోడు, సెయ్యి ఊపితే సాలు, పనైపోయేది. ఈ ఓడలో అలగ కాదు. ఒక్కో ఆఫీసరుది ఒక్కో దేశం, అందరిదీ ఇంగ్లీషే. తెలుగోడన్నోడు నానొక్కణ్ణే.

ఆ ఇంగ్లీషుతో గొడవేటంటే, మాట తెలిసినట్టే ఉంటాది. దాని తోకన సిన్న ముక్కొకటి తగిలిస్తారు, అంతే, మొత్తం మారిపోతాది. పుట్ అంటే పెట్టడం, అది తెలుసు. పుట్ ఆన్ అంటే తొడుక్కోడమట. పుట్ అవుట్ అంటే మంట ఆర్పడమట. పుట్ ఆఫ్ అంటే రేపు సేద్దాం అనడమట. ఏటి సంబంధం, నువ్వే సెప్పు?

నాలాటోడు ఇంకొకడున్నాడు. పెరూ దేశమోడు, పేరు మతేయో. అంటే మన బైబిల్లో మత్తయి అన్నమాట. నాను మత్తయీ అనే పిలిసీవోణ్ణి, పలికీవోడు. ఆడిది స్పానిష్షు. ఆళ్ళకీ మనకి మల్లే ఒక పనికి ఒక మాటేనట, ఈ తోకలుండవు. నా కొడుకీడు గుంటడు, ఆళ్ళ నాన్న కూడా మా నాన్నలాగే వలేసే మనిషేనట. పొద్దున్న టీ తాగి తాళ్ళ సుట్టల మీద కూకునీవోళ్ళం. ఒకటే నోటుబుక్కు. నడుమన ఇంగ్లీషు మాట, ఇటేపు ఆడి బాస, అటేపు నా తెలుగు. రోజుకి నాలుగు మాటలు. ఒకడు సెయ్యాడించి సూపిస్తే రెండోవోడు సెప్పాలి.

ఇంకోటి కూడా నానే నేర్పాను ఆడికి. అది తలుసుకుంటేనే ఇప్పటికీ గుండె జారిపోతాది. “ఒరే మత్తయీ, ఆఫీసరు ఏటన్నా ముందు ఎస్ సార్ అనీ, తెలీదంటే పొగరనుకుంటాడు” అన్నాను. మనకి సిన్నప్పట్నించి అదే గదా. పెద్దోళ్ళ ముందు తెలీదనకూడదు, తలూపీయాలి. మాస్టారికీ ఊపాను, పాస్టరుగారికీ ఊపాను. పెళ్ళిసూపుల్లో మీ అమ్మమ్మ ఏదో అడిగితే దానికీ ఊపాను, ఏటడిగినాదో ఇప్పటికీ తెలీదు.

ఒకరోజు సీఫ్ ఆఫీసరు, అంటే కెప్టెను తరవాత పెద్ద, కొత్త రంగు డబ్బాలు సూపించి పుట్ అవే అన్నాడు. ఎస్ సార్ అన్నాను. అవే అంటే దూరంగా గదా అని తీసుకెళ్ళి సెత్త డ్రమ్ములో పారీసాను. ఆడు దాసిపెట్టమన్నాడట! ఇంకొక్క తప్పు సేస్తే వొచ్చే రేవులో దింపీసి ఇంటికి పంపీస్తానన్నాడు. ఆ రోజు నుంచీ నాకు ఒకటే భయం. ఆ మనిషి బూట్ల సప్పుడు ఇనిపిస్తే ఏదో పనున్నట్టు అవతలకి జారుకునీవోణ్ణి.

తరవాత ఓ సలి దేశం రేవుకెళ్ళాము. గట్టుకి ఓడని కడతన్నాము. ఆ తాళ్ళు మామూలు తాళ్ళనుకున్నావా? నీ సెయ్యంత లావుంటాయి. బిగిసిన తాడు మడతలో మనిషి కాలుంటే ఆ కాలుండదు. నానొకసారి సూసాను, అది నీకు సెప్పనులే. తాడు లాగే మిషను పిడి నా సేతిలో ఉన్నాది. ఇటు తిప్పితే వదులుతాది, అటు తిప్పితే లాగుతాది. మత్తయి మిషనుకి అవతల ఉన్నాడు, నాకు కనపడ్డు. సీఫ్ ఆఫీసరు గట్టేపు సూస్తా అరిసాడు, “టేకప్ ద స్లాక్!”

టేకాఫ్ రాసుకున్నాము. టేకోవర్ రాసుకున్నాము. ఇది రాసుకున్నామో లేదో, నా బుర్రలో ఏటీ లేదు. లాగమన్నాడా, వదలమన్నాడా? తెలీదంటే ఇంటికి పంపీస్తాడు. మళ్ళీ అరిసాడు. నోట్లో ఎస్ వొచ్చీసినాది. సార్ రాలేదు. సెయ్యి పిడి మీదే ఉన్నాది, లాగడానికే సిద్ధంగా ఉన్నాది సుమీ. కర్తా, నువ్వే కాపాడు అనుకున్నాను. “నో సార్! ఐ డోంట్ నో సార్!” అని గావుకేక పెట్టాను.

ఆయన మొకం ఎర్రగా సేసుకుని తిట్టుకుంటా వొచ్చాడు. మిషను సుట్టూ తిరిగి అవతలకెళ్ళాడు. తిట్లు ఆగిపోనాయి. నానూ ఎల్లి సూసాను. మెలిపడ్డ తాడు తీయబోతే మత్తయి బూటు మడతలో ఇరుక్కుపోనాది. ఆడు అరుస్తనే ఉన్నాడట, ఆడి బాసలో. భయమేస్తే నేర్సుకున్నదంతా పోయి అమ్మ బాసే వొస్తాది గదా. మిషన్ల మోతలో ఎవలికీ ఇనపడలేదు. తాడు వదిలి ఆణ్ణి ఇవతలకి లాగాము. సీఫ్ ఆఫీసరు వదులైన తాడు లాగమనే అన్నాడు. నాను ఎస్ సార్ అనుంటే... వొద్దులే. ఆ కాలు నానే తీసినట్టయ్యేది.

ఇంటికి పంపీస్తారని రెండ్రోజులు సూసాను, సంచి కూడా సర్దీసుకున్నాను. ఎవలూ పంపలేదు. మూడోనాడు పొద్దున్న మత్తయి కుంటుకుంటా వొచ్చి కూకున్నాడు. ఆ రోజు ఒకటే మాట రాసాడు, స్పీకప్ అని. ఇటేపు ఆడి బాసలో రాసుకుని, బుక్కు నా ఒళ్ళో పెట్టాడు. అటేపు నాను రాసాను. ఇదిగో, ఇదే ఆ బుక్కు, సూడు. అచ్చరాలు వంకరగా ఉన్నాయి గదా. సదువు. “నోరిప్పు.” అంతే రాసాను.

రేపు ఆళ్ళేదో అడుగుతారు, నీకు తెలీదు. తలూపకు తల్లీ. తెలీదండి, మళ్ళీ సెప్పండి అను. గొంతు వణికితే వణకనీ, నాకూ వణికినాది. దేవుడు నీకు తోడుంటాడు, సల్లగా ఉండు. ఆ బుక్కు నీ బేగులో పెట్టుకో... ఒద్దనకు, పెట్టుకో. ఇప్పుడు లేచి రెండు ముద్దలు తిను, మీయమ్మ నా మీద పడతాది...