పొడుగుదొర తీసిన తోలుబంతి బొమ్మ

వెంగమ్మని ఒకామె ఉండింది మెరుపుగుంటలో. పోలయ్య పెళ్ళాం. ఆమె నోట్లోంచి రోజుకొకసారన్నా ఒక మాట రాకపోతే ఆ ఇంట్లో పొద్దుగూకదంట. ఏం మాట? "ఆ గోలు నాది." అంతే. సంగటి పెడతా పెడతా అంటది, గొడ్డుకి కుడితి పోస్తా పోస్తా అంటది. పోలయ్య నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకోని "నీది కాదే, నాది" అంటాడు. ముప్పై ఏళ్ళ పైమాటే జరిగింది ఈ గొడవ. బిడ్డలు పుట్టినారు, పెళ్ళిళ్ళయినాయి, మనవళ్ళొచ్చినారు, గొడవ మాత్రం అట్టనే ఉండింది. పక్కింటోళ్ళు కూడా, ఏందిరా ఈ పూట ఇంకా గోలు మాట ఇనపడలా, ఒంట్లో బాగలేదా ఏంది అనుకునేవాళ్ళంట. ఏం గోలు, ఏం కథ అంటారా? చెప్తా, రోంత ముందుకు జరగండి, ఆ ఎనకున్నోళ్ళకి ఇనపడాల.

అప్పుడు తెల్లోళ్ళ కాలం. మన పక్కంతా అబ్రకం గనులు గదా. నేల తవ్వితే అద్దం పలకల్లాగా తళతళా వచ్చేది. మొగోళ్ళు గుంటల్లో దిగి తవ్వడం, ఆడోళ్ళు షెడ్డు కాడ కూర్చోని కత్తితో పొరలు పొరలుగా చీల్చడం. మెరుపుగుంట గనికి ఒక దొర ఉండేవాడు, ఆయన గుమ్మంలో దూరాలంటే నడుం సగానికి వంచాల్సిందే, అందుకని పొడుగుదొర అనేవాళ్ళు. ఆయనకి తోలుబంతి ఆటంటే పిచ్చి. వాళ్ళ దేశం నించి బంతి తెప్పించి మనోళ్ళకి ఆట నేర్పినాడు. మనోళ్ళకి బూట్లు యాడివి, ఉత్త కాళ్ళే. మొదట్లో కాలితో తన్నండ్రా అంటే చేత్తో పట్టుకోని చంకలో పెట్టుకోని పరిగెత్తినారంట, దొరకి ఈల ఊది ఊది దవడలు పీకినాయంట. నేర్చుకున్నాక మాత్రం, అబ్బో, గులకరాళ్ళ మీద కూడా బంతి వదిలేవాళ్ళు కాదు. ఇది జూసి కోనపాళెం గనోళ్ళు, మేమేమన్నా తక్కువా, మేమూ ఆడతాం అన్నారు. ఇంకేముంది, పందెం. గెలిచినోళ్ళకి పొట్టేలు.

ఆ పందెం రోజు దొర ఇంకొక వింత తెచ్చినాడు. మూడు కాళ్ళ మీద నల్లపెట్టె, దానికి పక్కన ఒక పిడి. ఆ పిడి పట్టుకోని రాగులు విసిరినట్టు తిప్పతానే ఉండాడంట. ఏంది దొరా అదంటే, మీ ఆటంతా ఈ పెట్టెలోకి పోతాది, ఇంకోరోజు గోడ మీద జూసుకుందురు అన్నాడంట. ఎవురు నమ్మినారు? ఎండకి దొరకి తల తిరిగిందిలే అనుకున్నారు. సరే, ఆట మొదలైంది. ఆడినారు, ఆడినారు, ఒక్క గోలు పడలా, అటూ లేదు ఇటూ లేదు. ఆఖర్న ఏమైందంటే, పోలయ్య బంతి తీసుకోని వచ్చేశాడు కోనపాళెమోళ్ళ గోలు కాడికి, రెండు వెదురుబొంగులు పాతుండారే, ఆడికి. అప్పుడు పోలయ్య కుర్రోడు, మేకపోతు లాగా ఉండేవాడు. కోనపాళెమోళ్ళు ఎదురొచ్చినారు, మనోళ్ళు ఎనక నించి తోసుకొచ్చినారు, అందరూ ఒకరి మీద ఒకరు కుప్పగా పడినారు. దుమ్ము! వడ్లు తూర్పారబట్టే కాడ లేస్తది జూడు, అట్టా అనుకో. ఆ దుమ్ములోంచి బంతి పక్కకి దొర్లింది. యాడికి? నేరుగా వెంగమ్మ మీదికి.

వెంగమ్మకి అప్పటికి పెళ్ళి కాలా. వాళ్ళమ్మ అంకమ్మతో కలిసి ఆ గోలు పక్కనే షెడ్డు నీడలో ఉండాది. పొద్దుట్నించీ చీల్చిన అబ్రకం పలకలు తట్టలో పేర్చి పెట్టుకోనుండారు తల్లీకూతుళ్ళు. ఈ బంతి వచ్చి ఆ తట్టలో పడిందనుకో, ఆ పూట కష్టమంతా పొడి పొడి. పిల్ల ఇంకేం ఆలోచించలా. లేచింది, చీర ఎగదోపింది, అటూ ఇటూ జూడకుండా ఒక్క తన్ను తన్నింది. ఆ బంతి పోయి పోయి రెండు వెదురుబొంగుల మధ్యలో పడింది. నవ్వబాక సుబ్బులూ, నిజంగానే. గోలు కొట్టాలని కొట్టిందా? తట్ట కాపాడుకునింది, అంతే.

దుమ్ము అణిగినాక జూస్తే బంతి గోల్లో ఉండాది. అందరికన్నా ముందు బోర్లా పడుండేది పోలయ్య. ఈల ఊదే గుమాస్తా కుప్పకి ఆ పక్కన ఉండాడు, ఆయనకేం తెలుసు, ఊదేశాడు. పోలయ్యని భుజాల మీదికెత్తుకోని ఒకటే కేకలు. పోలయ్య అబద్ధమాడినాడా అంటే, పాపం, లేదు. కళ్ళనిండా మన్ను, నోటినిండా మన్ను. నేను తన్నినా, పోయింది అనే అనుకున్నాడు. పొట్టేలు కోసినారు, తిన్నారు. వెంగమ్మ "అమా, బంతి తన్నింది నేను గదా" అంటే అంకమ్మ గబుక్కున నోరు మూసింది. "సప్పుడు చెయ్యబాకే. మొగోళ్ళ ఆటలోకి ఎగిరి తన్నిందని తెలిస్తే నిన్నెవుడు చేసుకుంటాడు" అనింది. దొరేమో పిడి తిప్పే ధ్యాసలో ఉండాడు, జూసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ ఏడు తిరక్కముందే విషజ్వరమొచ్చి అంకమ్మ పోయింది. ఇంక సాక్షి ఎవురు? ఇందులో తమాషా ఏందంటే, గోలు కొట్టిన మొనగాడని జెప్పి వెంగమ్మ నాయన ఆ పోలయ్యకే పిల్లనిచ్చినాడు! పెళ్ళైన కొత్తల్లోనే జెప్పింది ఆమె, అయ్యా, ఆ గోలు నాది అని. పోలయ్య పడీ పడీ నవ్వినాడంట. ఊళ్ళో జెప్పుకోని మళ్ళీ నవ్వినాడంట. ఆమెకి కోపం గోలు గురించి కాదు నాయనా. నిజం జెప్తే నవ్వినారే, అదీ.

మరి దొర తీసిన బొమ్మ? కడగడానికి మద్రాసు పంపినాడు. అది తిరిగొచ్చేలోపల యుద్ధమొచ్చింది, దొర యుద్ధానికని పోయినాడు, మళ్ళీ రాలా. గని కూడా చేతులు మారింది. బొమ్మ ఏమైందో ఎవురికీ తెలియదు. జనం మరిచిపోయినారు. వెంగమ్మ మరవలా. "ఆ బొమ్మ రానీ, తేల్తాది" అనేది. "రానీ" అనేవాడు పోలయ్య. రానీ అనడానికి ఆయనకంత ధైర్యమేందంటే, ఇంక రాదని.

ఇట్టా ఉండంగా మెరుపుగుంటకి టూరింగ్ టాకీసు వచ్చింది. డేరా వేసినారు. మిషను తిప్పే ఆయన పేరు కరీముల్లా, ఉదయగిరి పక్కాయన. ఆయన అన్నం తినేది అన్నమ్మ కాడ. ఈ అన్నమ్మ ఎవురంటే, పొడుగుదొరకి వంట చేసినాడే ఏసుదాసు, ఆయన కోడలు. ఒకరోజు అన్నమ్మ మజ్జిగ పొయ్యబోయి కుండ మీది రేకుమూత తీసి పక్కన పెట్టింది. కరీముల్లా తింటా తింటా దాన్ని జూసి, ముద్ద దించేశాడు. "అక్కా, ఇది మూత కాదే. ఇది డబ్బా. ఇదెక్కడిది నీకు?" "దొరది అబ్బయా. దొర పోయినాక ఆయన పేరుతో టపాలో వస్తే మా మామ దాచినాడు. పోయేటప్పుడు కూడా పారెయ్యబాకండి అన్నాడు. దేనికో జెప్పలా. కుండకి సరింగా సరిపోయిందని పెట్టుకున్నా." కరీముల్లా చెయ్యి కడుక్కోని డబ్బా తెరిచినాడు. గుప్పున పుల్లవాసన. లోపల రీలు. పైన పైనంతా బెల్లం పాకంలాగా అంటుకుపోయుండాది, లోపలి చుట్టలు మాత్రం రోంత బాగుండాయి. వాకిట్లోకొచ్చి ఎండకెత్తి జూసినాడు. జూస్తే రెండు వెదురుబొంగులు, చీమలంత మనుషులు. "అక్కా, ఇదేందో బంతాట" అన్నాడు. అన్నమ్మ చేతిలో గరిటె అట్టనే ఉండాది, వెంగమ్మ ఇంటికి ఒకటే పరుగు.

కరీముల్లా ముందే జెప్పినాడు. "ఇది ఆ కాలం రీలు. అప్పడం లాగా ఎండిపోయుండాది, సెగ తగిలితే భగ్గుమంటాది. ఆడితే ఒక్కసారి ఆడతాది. రెండోసారి నన్నడగబాకండి." పోలయ్య ముఖం మాడింది. "ఎందుకులే, పాపం ఆయన మిషను చెడిపోతాది" అన్నాడు. వెంగమ్మ జూసింది మొగుణ్ణి. "మిషను మీద నీకెప్పుడు పుట్టిందయ్యా ఇంత ప్రేమ?" అనింది. కోనపాళేనికి కూడా కబురు పోయింది. బండ్లు కట్టుకోని దిగినారు వాళ్ళు, ముందర బండిలో ఆదిశేషయ్య. ఆరోజు వాళ్ళ గోలుకి కాపలా నిలబడినాయన ఈయనే, కుప్పలో అడుగున పడి పక్కటెముక ఇరగ్గొట్టుకున్నాయన.

దీపాలు పెట్టే యాళకి డేరా కిక్కిరిసిపోయింది. తెర మీద ముందు వానజల్లు లాగా గీతలు. ఆ గీతల్లోంచి మెల్లింగా మనుషులొచ్చినారు. మాట లేదు, పాట లేదు, ఉత్త బొమ్మే. అయితేనేం! "అదుగోరా మా నాయన!" అని ఒకడు లేచినాడు. "మా చిన్నాయన, ఆ జుట్టు జూడు, మా చిన్నాయనే!" అని ఇంకొకడు. ఎప్పుడో కాటికి పోయినోళ్ళంతా పంచెలెగ్గట్టుకోని పరిగెత్తతా ఉండారు తెర మీద. ఏడ్చేవాళ్ళు, నవ్వేవాళ్ళు, ఈలలు. అప్పుడొచ్చినాడు పోలయ్య బంతితో. పడినారు కుప్ప. లేచింది దుమ్ము. దుమ్ము ఇవతలికి దొర్లింది బంతి. తెర మూల నించి ఒక ఆడపిల్ల లేచింది, చీర ఎగదోపింది, తన్నింది. బంతి పోయి గోల్లో పడింది. పోలయ్య యాడుండాడు? కాళ్ళు ఆకాశానికి పెట్టి, ముఖం భూమిలో పెట్టి ఉండాడు.

అందరికన్నా ముందు పోలయ్యే అన్నాడంట, తనకి తెలియకుండానే, పెద్దగా. "ఓర్నీ, ఎవురా పిల్ల, ఎంత బాగుండాదో!" డేరా గుడ్డ ఎగిరిపోయేటట్టు నవ్వినారు జనం. "నీ పెళ్ళామే మామా" అని అరిచినారు. కానీ వెంగమ్మ నవ్వలా. ఆమె బంతిని జూడలా, తనని కూడా జూసుకోలా. తెర మీద ఆ పిల్ల ఎనకమాల, షెడ్డు నీడలో ఇంకొకామె లేచి నిలబడుండాది. కొడతానన్నట్టు చెయ్యెత్తింది, ఎత్తిన చెయ్యి అట్టనే నోటికడ్డం పెట్టుకోని నవ్వింది. అంకమ్మ. ఫొటో లేదు, గీటో లేదు, తల్లి ముఖం ఎట్టుంటదో మరిచిపోతా ఉండా అని వెంగమ్మ లోపల లోపల కుమిలిపోయేది, ఎవురికీ జెప్పలా. తన నోరు మూసిన తల్లే జ్ఞాపకం ఆమెకి. ఆ తల్లి తన తన్ను జూసి అంత నవ్వు నవ్విందని ఆరోజు తెలిసింది. "అమా" అనింది. అనేలోపలే తెర మధ్యలో గోధుమరంగు మచ్చ లేచింది, మచ్చ పువ్వు లాగా విచ్చుకునింది, బొమ్మనంతా మింగేసింది. కరీముల్లా "జరగండి జరగండి" అని ఇసక బకెట్టు బోర్లించినాడు. మనుషులకేం కాలా, మిషనుకేం కాలా. రీలు మాత్రం బూడిద.

ఆ పొగలోనే దగ్గతా దగ్గతా లేచినాడు ఆదిశేషయ్య. "జూసినారు గదా అందరూ! ఆటలో లేని మనిషి తన్నింది. ఆ గోలు చెల్లదు. మా పొట్టేలు మాకియ్యండి!" ఇంక జూస్కో! తిన్న పొట్టేల్ని యాడ నించి తెచ్చేదయ్యా అని వీళ్ళు, అదంతా మాకు తెలియదని వాళ్ళు. మనోళ్ళలో కొందరు వెంగమ్మ మీదికే పోయినారు, నీ నోటి వల్లే గదా ఉన్న గెలుపు కాస్తా పాయె అని. అప్పుడు పోలయ్య అడ్డమొచ్చినాడు. "ఆమెననబాకండి. ఇన్నేళ్ళు నిజం జెప్పింది. నవ్వింది మనం" అన్నాడు. వెంగమ్మ మొగుడి పక్క ఒకసారి జూసి, కళ్ళు తుడుచుకోని ముందుకొచ్చింది. "ఆదిశేషయ్యన్నా, నువ్వన్నది న్యాయం. ఆ గోలు చెల్లదు. మళ్ళీ ఆడదాం. పొట్టేలు మా దొడ్లో ఉండాది, నేనిస్తా." "ఎవురాడాల?" "ఆనాడు ఆడినోళ్ళు ఎందరుంటే అందరు, చాలకపోతే వాళ్ళ బిడ్డలు." "నువ్వో?" "నేను లేకుండా ఎట్టా? బైట నించి తన్నినాననే గదా నీ గొడవ. ఈసారి లోపల నించి తన్నతా" అనింది. ఆదిశేషయ్య ఆమెని ఎగాదిగా జూసి, పక్కటెముక తడుముకోని, "సరేమ్మా, ఒప్పుకున్నా" అన్నాడు.

ఆ ఆట జూడాలి మీరు! ముసలోళ్ళు రోంత దూరం పరిగెత్తడం, మోకాళ్ళు పట్టుకోని నిలబడటం. ఆదిశేషయ్య పంచె ఊడిపోతే ఆట ఆపినారు, కట్టుకున్నాక మళ్ళీ మొదలు. వెంగమ్మకి బంతి అందితే రెండూళ్ళ ఆడోళ్ళూ కేకలు, అది మనూరా పైవూరా అని లేదు. ఆమె తన్నిన బంతిని ఆదిశేషయ్య పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా రొమ్ముకదుముకోని పట్టేసినాడు. ఆఖర్న ఏమైందంటే, కోనపాళెం కుర్రోడొకడు తన్నిన బంతి మన గోలు పక్కకొచ్చింది. పోలయ్య ఆపబోయినాడు. ఆపినాడు కూడా, మోకాలితో. మోకాలికి తగిలి అది పోయి మన గోల్లోనే పడింది! పోలయ్య అట్టనే కూలబడిపోయినాడు మన్నులో. వెంగమ్మ పోయి పక్కన నిలబడింది. "ఇదుగో, ఈ గోలు మాత్రం నీదేనయ్యా. నేను కాదనను" అనింది. పోలయ్య పైకి జూసినాడు. నవ్వొచ్చింది ఆయనకి. ఆమెకీ వచ్చింది. చెయ్యిచ్చి లేపింది.

ఓడిపోయినాం, పొట్టేలు తోలుకోని పొండి అన్నారు మనోళ్ళు. కోనపాళెమోళ్ళు తోలకపోలా. ఇంత దూరం ఎవురు తోల్తారు, ఇక్కణ్ణే కోసెయ్యండి అన్నారు. కోసినారు. చెట్ల కింద రెండూళ్ళూ ఒకే బంతిలో కూర్చున్నారు. వెంగమ్మ వడ్డిస్తా వడ్డిస్తా ఒక్కొక్కరి కాడా ఆగి, గోలు సంగతి కాదు, ఒకటే అడిగింది. "మా అమ్మని జూసినారు గదా? నవ్వింది గదా?" జూసినాం తల్లీ, నోటికి చెయ్యడ్డం పెట్టుకోని నవ్వింది అన్నారు వాళ్ళు. కోనపాళెంలో ఒక ముసలామె, చిన్నప్పుడు అంకమ్మతో కలిసి అబ్రకం చీల్చిన ఆమె, "మీయమ్మ అంతే, పని కాడ కూడా అట్టనే నవ్వేది, పై మనిషి తిడితే ఇంకా నవ్వేది" అని జెప్పింది. వెంగమ్మ కూర గిన్నె కింద పెట్టేసి ఆ ముసలామె పక్కన చతికిలబడింది. ఇంకా జెప్పవ్వా, ఇంకా జెప్పవ్వా అని. మిగతా వడ్డన పోలయ్య చేసినాడంట.

అంతే. ఇదే కథని కోనపాళెంలో జెప్పేవాళ్ళు గెలుపు కాడ ఆపేస్తారంట, రొమ్ము ఇరుచుకోని. నేను మాత్రం ఎప్పుడూ అన్నం కాడ ఆపతా. ఓడినోళ్ళ ఊరోణ్ణి గదా, మాకు గుర్తుండేది కూర రుచే. లేవండి లేవండి, లోపల అన్నాలకి పిలస్తా ఉండారు.