ఆల్మా కొట్లో లెక్కల ప్రోగ్రాం

ఏంటే నోరా, మొహం అలా పెట్టావు? ఆ లెక్కల ప్రోగ్రాం అద్దె మళ్ళీ పెంచారా? పెంచరూ మరి! బేకరీ లెక్కలన్నీ కూర్చుని వాళ్ళ దాంట్లో ఎక్కించావు, ఇక నువ్వెక్కడికి పోతావులే అని వాళ్ళ ధీమా. నన్నడిగి ఏం లాభం తల్లీ, ఫోన్లో టార్చి ఆర్పడమే నాకు చేతకాదు, నిన్నంతా జేబులో వెలుగుతూనే ఉందట. ఒక్కసారి డబ్బు పారేసి కొనుక్కుని, మన కంప్యూటర్లో మన దగ్గరే పడి ఉండే లెక్కల ప్రోగ్రాం ఇంకా అమ్ముతారా అంటే... ఏమో. ఒకప్పుడు అమ్మేవాళ్ళు. ఆల్మా కొనింది కదా. ఏ ఆల్మా ఏంటి, హార్డ్‌వేర్ కొట్టు ఆల్మా! అవున్లే, నువ్వప్పటికి బడికి పోతున్నావో లేదో. కూర్చో, నువ్వలా నిలబడితే చూసే నాకే కాళ్ళు లాగుతున్నాయి.

ఆల్మా క్వింటాల్. పొడుగాటి మనిషి, మగాళ్ళ బూట్లు వేసుకునేది. మొగుడు పోయాక మేకులు, తాళ్ళు, పెయింట్ డబ్బాలు, కోళ్ళ దాణా అంతా తనే చూసుకునేది. తోడు తమ్ముడు గస్. గస్‌కి చిన్నప్పుడు జ్వరం తలకెక్కి మనిషి కొంచెం నిదానం అయిపోయాడు. పిచ్చివాడు కాదు, అలా అన్నావో ఆల్మా చేతిలో ఏదుంటే అది విసిరేది. నిదానం, అంతే. ఒక పని ఓపిగ్గా చూపిస్తూ పోతే ఎప్పటికో పట్టుబడేది, పట్టుబడ్డాక ఇక తప్పు చెయ్యడు. కాకపోతే ఆ పని మారకూడదు. నొక్కే బటన్ ఇవాళ ఇక్కడుండి రేపు అక్కడికి పోయిందనుకో, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయేవాడు, భోజనానికి లేవమన్నా లేవడు. అదీ సంగతి. ఇంతలో వాళ్ళ పాత కంప్యూటర్ ఉప్పుగాలికి తుప్పుపట్టి చచ్చి కూర్చుంది, దాంట్లో ప్రోగ్రామూ దాంతోనే పోయింది. పన్ను కాగితాలేమో పంపాలాయె. సిడ్నీ నుంచి ప్రోగ్రాం కంపెనీ కుర్రాడొకడు దిగాడు, టై కట్టుకుని, మన నార్ఫోక్ దీవిలో టై! "మేడమ్, మీరేం కొనక్కర్లేదు, నెలనెలా కాస్త కట్టుకుంటే చాలు, లెక్కంతా మా మిషన్లలో భద్రంగా ఉంటుంది" అని లాప్‌టాప్ తెరిచాడు. తెరిచాడో లేదో వాన. వాన వస్తే మనకి నెట్ ఎక్కడుంటుంది? తెరమీద ఆ చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, వాడు నవ్వుతాడు, ఆల్మా నవ్వదు. పోనీ అని నెట్ వచ్చాక ఖాతాదారుల పేర్లు చెప్పమన్నాడు. "గొణుగుడు" అని రాయించింది. "తడికోడి" అని రాయించింది. వాడు రాయడం ఆపేసి, "మేడమ్, అసలు పేర్లు కావాలి, ఈమెయిళ్ళు కావాలి" అన్నాడు. అసలు పేర్లంటే ఇక్కడ సగం మంది ఇంటిపేరు క్వింటాల్, లేదంటే నాబ్సేగా, ఎవడు ఏ క్వింటాలో దేవుడికే తెలియాలి! ఫోను పుస్తకంలోనే ముద్దు పేర్లు అచ్చేసుకునే ఊరిది, నన్నూ పీత అనే కదా అచ్చేసింది. తడికోడికి ఈమెయిలట! నేను అక్కడే పెయింట్ డబ్బా మీద కూర్చుని ఉన్నా, పొట్ట చెక్కలయింది.

ఆ తర్వాత ఫోన్ల మీద పడింది. వారం వారం నేను కొట్టుకి పోతే ఫోను చెవికి పెట్టుకునే ఉండేది. "నేను కొంటాను, మీరు అమ్మండి." "అమ్మం మేడమ్, అద్దెకే." "పోనీ ఎక్కువిస్తా, అమ్మండి." "ఆ పద్ధతి తీసేశాం మేడమ్." ఇదే వరస. పాట వినిపించి వెయిట్ చెయ్యమంటారు చూడు, ఆ పాటలన్నీ ఆవిడకి నోటికొచ్చేసినయ్. నేను ఎగతాళి చేసేవాణ్ణి. "ఓసి పిసినారీ, నెలకి నాలుగు బీరు సీసాల డబ్బు, కట్టేసి పోరాదూ, ఆ డబ్బేం పట్టుకుపోతావా" అని. ఆవిడ మళ్ళీ నంబరు నొక్కేది. బ్రిస్బేన్ పోయొచ్చింది మధ్యలో, పళ్ళు చూపించుకోవడానికని చెప్పింది. వచ్చాక చిక్కిపోయింది, పళ్ళేమో ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకరోజు నా ఎదురుగానే ఫోన్లో అడిగింది, "అమ్మాయ్, అద్దెకే తీసుకున్నాననుకో, నేను కట్టడం మానేస్తే ఏమవుతుంది?" ఆ పిల్ల, "పాత లెక్కలు చూసుకోవచ్చు మేడమ్, కొత్తగా ఏం రాయలేరు" అంది. "మరి నేను చచ్చిపోయి మానేస్తే?" అంది ఆల్మా. అవతల ఆ పిల్ల, పాపం, మళ్ళీ ఆ పాటే పెట్టింది. ఆల్మా ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "ఏం చూస్తావ్ పీతా," అంది. "డబ్బు కట్టే కార్డు నా పేరు మీద ఉంటుంది. నేను పోయిన రోజే బ్యాంకు ఆపేస్తుంది. ఆ తర్వాత గస్ కొట్టు తెరిచి మిషన్ ముందు కూర్చుంటాడు. డబ్బు కట్టు అంటుంది అది. కొత్త కార్డు నంబరు కొట్టు అంటుంది, పాస్‌వర్డు అంటుంది. వాడేం చేస్తాడు? చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. కొట్టు పోతుంది. కొట్టు పోతే వాణ్ణి తీసుకెళ్ళి ఏ హోములో పడేస్తారో, నాకు తెలుసు." అలా చెప్పింది, దాణా ధర చెప్పినట్టు. నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, జబ్బు సంగతి ఇన్నాళ్ళు చెప్పలేదని. ఇప్పుడు తల్చుకున్నా వస్తుంది.

ఏం చెప్తున్నా... ఆఁ, అమ్మే ప్రోగ్రాం దొరికింది. టాస్మేనియాలో ఎవరో ముసలాయన, తన ప్రోగ్రాం తనే రాసుకుని, తనే అమ్ముకుంటాడట. డిస్కు పోస్టులో వస్తుంది, ఒక్కసారే డబ్బు, నెట్ అక్కర్లేదు, ఎవరి పేరైనా రాసుకో, కాదనదు. ఆల్మా ఆయన్ని అడిగిన మొదటి మాట, "మీరు పోయినా ఇది నడుస్తుందా?" ఆయన, "నేను పోయినట్టు దానికి తెలియనే తెలియదమ్మా" అన్నాట్ట. ఆ మాటకే కొనేసింది. కొత్త కంప్యూటర్ ఓడలో వచ్చింది. సముద్రం ఆరోజు బాలేదు, ఓడ ఎప్పట్లాగే దూరంగానే ఆగింది, క్యాస్కేడ్ రేవుకి పడవలో తెచ్చింది మేమే, సరుకు దించే జట్టు. రేవు మీద నిలబడి ఆల్మా ఒకటే కేకలు, "పీతా, దాని మీద ఒక్క చుక్క పడిందో, నిన్ను సముద్రంలో తోసేస్తా!" నా రెయిన్‌కోటు విప్పి దానికి కప్పి నేను తడిశాను. వారమంతా దగ్గులే. ఇక అక్కడ్నుంచి గస్‌కి నేర్పడం. పొద్దున కొట్టు తెరవక ముందు, సాయంత్రం మూసిన తర్వాత. "ఇప్పుడు కొత్త పేరు ఎలా రాస్తావ్? మళ్ళీ చెయ్యి. మళ్ళీ." ఒక్కోసారి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయేది, నొప్పికో, విసుగుకో. "పక్కనుంటే చేస్తాడు పీతా. నేను లేకుండా చేస్తాడో లేదో ఎట్లా తెలిసేది?" అనేది. ఎట్లా తెలుస్తుంది? ఒక్క పూట ఇంట్లో పడుకుని వాణ్ణి ఒంటరిగా వదిలి చూడమన్నాను. వదల్లేకపోయింది.

ఆకురాలు కాలంలో పోయింది. మన దగ్గర ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, కబురు తెలియగానే గొయ్యి తవ్వేవాళ్ళు తవ్వడానికి పోయారు, పెట్టె చేసేవాళ్ళు పెట్టె పట్టారు, ఆడవాళ్ళు పూలకి పోయారు. పెట్టె దించడానికి మంచి తాడు కావాలని నన్ను పంపించారు. తాడంటే ఎక్కడికి పోతాం, ఆవిడ కొట్టుకే పోవాలి. మూసి ఉంటుందనుకున్నా. తెరిచే ఉంది. గస్ తల దువ్వుకుని, మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. "తాడు కావాలిరా" అన్నా. లేచాడు, ఎంత పొడుగని అడిగాడు, కొలిచాడు, కోశాడు, చివర్లు విడిపోకుండా కట్టాడు. నేను తీసుకుని పోబోతుంటే, "ఆగు పీత మావా, బిల్లు" అన్నాడు. "ఇవాళ బిల్లేంట్రా నాయనా" అంటే, "అక్క ఊరుకోదు" అన్నాడు. కూర్చున్నాడు. ఒక్క వేలితో. "తాడు నీకా?" అన్నాడు. "నాక్కాదురా. మీ అక్కకి." సరే అన్నాడు. ఆవిడ పేరు వెతికాడు, లేదు, ఆవిడెప్పుడు కొనుక్కుంది గనక తన కొట్లో? కొత్త పేరు నొక్కాడు. ఆల్మా అని కొట్టాడు. కింద చిరునామా అడిగింది అది. వేలు ఆగిపోయింది. నేనటు తిరిగా, చూడలేక. అయిపోయింది, ఇక చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు అనుకున్నా. పెట్టుకోలేదు తల్లీ. కాసేపటికి టకటక మని చప్పుడు. ఇల్లు రాయలేదు. కింగ్‌స్టన్ శ్మశానం, సముద్రం వైపు, అమ్మా నాన్న పక్కన, అని రాశాడు. ఎవర్నీ అడగలేదు. రాసి, సేవ్ నొక్కి, నా వైపు చూసి, "తీసుకుంది మావా" అన్నాడు.

...

చూడు, ఆ ఆవు వచ్చి నీ కారు ముందే పడుకుంది. దాన్ని లేపు పో. హారన్ కొట్టకు, లేవదు. దిగి వెళ్ళి లేపాలి.